గీత ఆకాశం చూడాలి

సుద్దక్కకి ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది. అది ప్రభుత్వ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా పనికి రాదు. చెవి వెనక ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది కాబట్టి ఊరందరికీ ఆమె సుద్దక్క. నిద్రలో కూడా అది తీయదని తమ్ముడి ఎగతాళి. ఒకసారి స్నానానికి వెళ్తూ సబ్బు పక్కన పెట్టి, పొరపాటున దానితోనే ఒళ్ళు రుద్దుకుందని ఇంకో ఎగతాళి. రెండోది నిజమే.

నలభై ఆరేళ్ళ మనిషి. టైర్లకు పంచర్లు వేసే కొట్టుకీ కట్టెల అడితికీ మధ్య రేకుల షెడ్డు ఆమెది. నేలంతా ఇనప రజను, చెప్పులు లేకుండా అడుగుపెడితే వారం రోజులు పాదం గుర్తుచేస్తుంది. పదిహేడో ఏట మేనమామ దగ్గర వెల్డింగు నేర్చుకుంది. ఆడపిల్లకి నిప్పుతో పనేమిటని అడిగినవాళ్ళకి మామయ్య ఒకటే జవాబు చెప్పేవాడు. "వంటింట్లో ఉన్నదేంటి మరి, మంచుగడ్డా?"

ఆ మామయ్యకి ఇప్పుడు ఒక కన్నే. వెనకటి రోజుల్లో గొట్టం వంచాలంటే లోపల ఇసుక దట్టించి, రెండు కొనలకూ బిరడాలు బిగించి, ఎర్రగా కాల్చి వంచేవాళ్ళు. ఇసుక లేకపోతే గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోతుంది. ఒక వానాకాలం ఇసుక సరిగ్గా ఆరలేదు. ఆరిందిలే అనుకున్నాడు. మంట తగిలేసరికి లోపలి తడి ఆవిరై, బిరడా ఎగిరొచ్చి ఎడమ కంట్లో తగిలింది. పాతికేళ్ళ పనితనాన్ని ఒక్క 'ఆరిందిలే' మింగేసింది. ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరూ గొట్టం కాల్చలేదు. మామయ్య మాత్రం రోజూ వచ్చి ముక్కాలి పీట మీద కూర్చుంటాడు, చేతికందిన పని చేస్తాడు, నోటికందినవాళ్ళని తిడతాడు.

తమ్ముడు కొండ మీది రాళ్ళ క్వారీకి కూలీలను చేరవేసే జీపు నడుపుతాడు. అలాంటి జీపులు పద్దెనిమిది ఉన్నాయి. ఏ ఒక్కదాని పైకప్పూ గట్టిది కాదు. పోయిన వానల్లో రెండు జీపులు పల్టీ కొట్టాయి, ముగ్గురు మళ్ళీ లేవలేదు. దాంతో క్వారీ ఆఫీసువాళ్ళు ఆర్డరు పంపారు. మనుషుల తలల చుట్టూ ఇనప పంజరం లేని జీపు వచ్చే నెల నుంచి కొండెక్కడానికి వీల్లేదు. కంపెనీ పంజరం కొనాలంటే జీపు సగం అమ్ముకోవాలి, మిగిలిన సగానికి పంజరం ఎందుకు? చల్లగా ఉన్న గొట్టాన్ని ఒత్తిడితో వంచే మిషను కొందామంటే, షెడ్డు తాకట్టు పెట్టినా ఆ ధర అందదు.

"నేనే చేస్తాను మిషను," అంది సుద్దక్క.

జీపులవాళ్ళ సంఘానికి ఒక ప్రెసిడెంటు ఉన్నాడు. ఫోను చెవికి అతుక్కుని పుట్టిన మనిషి. అతను ఫోను కాస్త పక్కకి జరిపి నవ్వాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా సుద్దక్కా? ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?"

"మానుని వంచడానికేగా జాకీ పెడుతున్నాను. నువ్వూ వచ్చి మధ్యలో నిలబడు, నీ నడుం కూడా ఓసారి చూద్దాం."

పాత ఇనప సామాను కొట్టు నుంచి మందపాటి పలకలు రెండు తెచ్చింది. పాడైన లారీ నుంచి హైడ్రాలిక్ జాకీ తెచ్చింది. పలకల మధ్య జాకీని అడ్డంగా పడుకోబెట్టి, అది తోస్తే గొట్టం ఒక గాడి చక్రం చుట్టూ వంగేలా అమర్చింది. మొదటి రోజు జాకీ అసలు కదలనే లేదు. ఎంత కొట్టినా ఉత్త గాలే. సాయంత్రం దాకా చూసి చూసి మామయ్య నోరు విప్పాడు. "దాన్ని బోర్లించు పిల్లా. పంపు పైకుంటే నూనె దానికెలా అందుతుంది? కింద పెట్టు." కింద పెట్టగానే మంచి పిల్లాడిలా కదిలింది. అంత చిన్న సంగతి పొద్దున్నే చెప్పొచ్చుగా అంటే, అడగలేదుగా అన్నాడు.

గాడి చక్రం మాత్రం ఏడిపించింది. కర్రతో చేస్తే పగిలింది. పాత కప్పీతో చేస్తే గాడి వదులై గొట్టం నమిలిన చెరకుముక్కలా చదునైంది. పదకొండో ప్రయత్నానికి లేతు మేస్త్రి గాడిని గొట్టంలో సరిగ్గా సగం మునిగేలా కోసిచ్చాడు. అప్పుడు వంగింది, గుండ్రం చెడకుండా వంగింది. ఇనుము అలుగుతుంది కూడా, ఎంత వంచితే అంతలో మూడు డిగ్రీలు వెనక్కి వస్తుంది. ఆ అలకకి లెక్కేసి మూడు డిగ్రీలు ఎక్కువ వంచడం నేర్చుకుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. ఇనప రేకుని చుట్టి, అంచులు అతికి గొట్టం చేస్తారు. ఆ అతుకు పైకి కనపడకుండా అరగదీస్తారు గానీ, లోపల సన్నటి గట్టులా మిగిలే ఉంటుంది. గొట్టం వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు ముడుచుకుంటుంది. అతుకు ఆ రెండింటికీ మధ్యలో ఉంటే దానికి ఏ బాధా లేదు. సాగే వైపు పడిందో, గట్టి దెబ్బకి విచ్చుకుంటుంది. అందుకే సుద్దక్క గొట్టం కొనలోకి టార్చి వేసి, గట్టు ఎక్కడుందో చూసి, దాని వెంబడే పైన ఈ చివర నుంచి ఆ చివరకి సుద్ద గీత గీస్తుంది. మిషను గొట్టాన్ని పడుకోబెట్టి పక్కకి వంచుతుంది, కాబట్టి అందులో పెట్టాక ఆ గీత ఆకాశం చూడాలి. వంచే ముందొకసారి, వంచి మిగులు ముక్క కోశాక ఇంకోసారి, కొన చూసుకోవాలి. ఇది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు.

మొదటి పంజరం తమ్ముడి జీపుకి. నాలుగు రోజుల్లో అయిపోయింది. డ్రైవరు తల వెనక నిలబడే పెద్ద కమాను, ముందు కమాను, వాటిని కలిపే కమ్ములు. నల్లరంగు వేశాక జీపు పెళ్ళికొడుకులా ఉంది. సంఘంవాళ్ళు చుట్టూ తిరిగి తట్టి చూశారు, గీరి చూశారు. ఇంట్లో చేసిన మిషను మీద వంచింది నిలబడుతుందా అని పద్దెనిమిది నోళ్ళు పద్దెనిమిది రకాలుగా అడిగాయి. ప్రెసిడెంటు తేల్చేశాడు. క్వారీలో రెండు నిలువుల గట్టు మీద నుంచి జీపుని పక్కకి దొర్లిద్దాం, నిలబడితే అందరం చేయించుకుందాం, లేకపోతే ఎవరి దారి వాళ్ళది.

అక్కడితో ఆగినా బాగుండేది. తమ్ముడికి రోషం పొడుచుకొచ్చింది. "ఉత్త బండిని దొర్లిస్తే ఏం తెలుస్తుంది? నేను బెల్టు కట్టుకుని లోపల కూర్చుంటా. మా అక్క పని మీద నాకు నమ్మకం."

సుద్దక్క వద్దంది. మరదలు వద్దని ఏడ్చింది. వాడు వింటే కదా. చిన్నప్పటి నుంచీ అంతే, వద్దన్న చెట్టే ఎక్కుతాడు. చివరికి సుద్దక్కే తగ్గింది. పంజరం మీద ఆమెకీ నమ్మకం ఉంది మరి, అందులో కాస్త గర్వం కూడా ఉంది.

దొర్లించేది ఉదయం పది గంటలకి. తొమ్మిదిన్నరకి ఆమె షెడ్డులో ఒక గొట్టపు ముక్క కోసం బల్ల కింద వెతుకుతోంది. దారిలో ఊడిపోయేలా ఉన్న స్కూటరు స్టాండుకి చిన్న తొడుగు చేసుకుని, తనూ క్వారీకి వెళ్ళాలని. పెద్ద కమాను వంచాక కోసిన మిగులు ముక్క చేతికి తగిలింది. ఆ రోజు రంగు వేసే తొందరలో కోసి, అలాగే కాలితో బల్ల కిందకి నెట్టేసిన ముక్క. దాని మీద సుద్ద గీత ఇంకా ఉంది. అలవాటు కొద్దీ కొనలోకి చూసింది.

గీత పైన ఉంది. లోపలి గట్టు పక్కన ఉంది. గీతకీ గట్టుకీ మధ్య పావు చుట్టు తేడా.

ముక్కని తిప్పింది, మళ్ళీ తిప్పింది. ముక్క మారలేదు, తేడా మారలేదు. గీత ఆకాశం చూస్తే గట్టు ఎటు చూసినట్టు? బయటికి. సాగే వైపుకి. తమ్ముడి తల వెనక నిలబడిన కమాను అతుకు మీదే వంగి ఉంది, పైన నల్లరంగు మెరుస్తూ ఉంది.

"మామయ్యా," అంది. "ఈ గీత ఎవరు గీశారు?"

పీట మీద మామయ్య ఆకురాయికి నూనె రాస్తున్నాడు. నూనె సీసాకి మూత పెట్టడం మొదలుపెట్టాడు.

"నేను గీసిన గీత కాదిది. చెప్పు."

"నువ్వు కొన చూసి గీత గీశాక, గొట్టానికి జిడ్డుందని కిరసనాయిలు గుడ్డతో తుడిచా. నీ గీత కూడా పోయింది," అన్నాడు మెల్లగా. "మళ్ళీ గీశా."

"లోపల చూసి గీశావా?"

"చూశా." ఆకురాయి కింద పెట్టాడు. "చూశాననుకున్నా. ఈ కన్ను కూడా మసకేస్తోందే అమ్మాయ్. ఆర్నెల్లయింది. చెప్తే నువ్వు నన్ను పనిలో ముట్టుకోనివ్వవని చెప్పలేదు."

ఆమెకి ఒక్కసారిగా కోపమూ ఏడుపూ వచ్చాయి. రెండింటికీ టైము లేదు. ఫోను తీసి తమ్ముడికి కొట్టింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ కొట్టినా అంతే. ప్రెసిడెంటుకి కొట్టింది. లైను ఖాళీ లేదు. ఎప్పుడు ఖాళీగా ఉందని? మరదలికి కొడదామంటే ఆమె చూడలేనంటూ పుట్టింటికి వెళ్ళి ఫోను ఆపేసింది.

"ఎక్కు బండి," అంది.

"నేనెందుకే, ఆలస్యమవుతుంది..."

"ఎక్కమన్నానా!"

షెడ్డు తలుపు కూడా వెయ్యలేదు. క్వారీ ఆరు కిలోమీటర్లు, అందులో నాలుగు గులకరాళ్ళే. స్కూటరు స్టాండు ప్రతి గుంతలో నేలని గీకుతూ అరుస్తోంది. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ఒళ్ళో గొట్టపు ముక్క. వెనక మామయ్య ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా రాళ్ళ లారీ వచ్చి దారంతా దుమ్ము చేసింది. కళ్ళు మూసుకుపోయినా వేగం తగ్గించలేదు. లోపల ఒకటే లెక్క తిరుగుతోంది. కొన చూసి ఉంటే అయిపోయేది. రెండోసారి చూడాలన్న కట్టుబాటు నాదే, చూడకుండా కాలితో నెట్టిందీ నేనే. మామయ్యని ఏమని తిట్టను?

మలుపు తిరిగేసరికి క్వారీ కనిపించింది. గట్టు అంచున జీపు. దాని పక్క కమ్మికి కట్టిన తాడు, తాడు కొసన కింద ట్రాక్టరు. జీపులో హెల్మెటు పెట్టుకున్న తమ్ముడు, గెలిచినవాడిలా చెయ్యి ఊపుతున్నాడు. చుట్టూ జీపులవాళ్ళంతా. ట్రాక్టరు ఇంజను అప్పటికే స్టార్టయి ఉంది.

"ఆపండి!" అని అరిచింది. ఇంజను రొదలో ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. తాడు నేల మీద నుంచి లేచి బిగుస్తోంది. స్కూటరుని అలాగే వదిలేసింది, అది పడింది, మామయ్య దానితోపాటు పడ్డాడో లేదో కూడా చూడలేదు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పరిగెత్తి ట్రాక్టరు ముందు నిలబడింది. ముందు చక్రం ఆమె మోకాలికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు మొహం పాలిపోయింది.

"పిచ్చా నీకు సుద్దక్కా!" ప్రెసిడెంటు పరిగెత్తుకొచ్చాడు. మొదటిసారి ఫోను చెవికి లేదు.

"వాణ్ణి దించండి. పంజరం బాగోలేదు."

"నిన్న బంగారంలా ఉందన్నావుగా?"

"నిన్న నాకు తెలీదు."

ఎవరో నవ్వారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనన్నారు ఇంకొకరు. కాలకముందే వచ్చిందిగా అని మూడోవాడు సర్దాడు. సుద్దక్క ఎవరినీ పట్టించుకోకుండా గట్టెక్కి జీపు దగ్గరికి వెళ్ళింది.

"దిగరా."

"దిగను." తమ్ముడి కళ్ళలో నీళ్ళొచ్చేంత కోపం. "అందరి ముందూ పరువు తీస్తున్నావక్కా. భయమేసి వచ్చావు, అంతేగా? నువ్వు చేసినదాన్ని నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

ఎంత చెప్పినా వాడు వినడని ఆమెకి తెలుసు. గొట్టపు ముక్క వాడి ఒళ్ళో పెట్టింది. "దీని లోపల వేలు పెట్టు. గట్టు తగిలిందా? ఇప్పుడు పైన గీత చూడు."

వాడూ ఆమె షెడ్డులోనే పెరిగాడు. చెప్పాల్సిన పని లేదు. వేలు లోపల పెట్టాడు, గీత చూశాడు, మెల్లగా తల తిప్పి వెనక కమాను వంపు చూశాడు. ఇంకేమీ అడగకుండా బెల్టు విప్పుకున్నాడు. దిగేటప్పుడు కాలు తడబడితే ఆమె పట్టుకుంది. పక్కన బండరాయి మీద వాడి ఫోను ఉంది, జేబుల్లో ఏమీ ఉండకూడదని తీయించారట. తెర మీద ఆమె పిలుపులు ఏడు.

"సరే, ఇంకేముంది. తాడు విప్పండి," అన్నాడు ప్రెసిడెంటు.

"వద్దు. లాగండి," అంది సుద్దక్క. "నేను చూడాలి."

లాగారు. జీపు ఒక్క క్షణం అంచు మీద ఊగింది, పక్కకి ఒరిగి, ఒకటిన్నర పల్టీ కొట్టి, చక్రాలు పైకెత్తి ఆగింది. దుమ్ము తగ్గేదాకా ఎవరూ కదల్లేదు. ముందు కమాను నిలబడింది. కమ్ములన్నీ నిలబడ్డాయి. పెద్ద కమాను మాత్రం ఎడమ వంపు దగ్గర పొడవునా చిరిగిన జేబులా నోరు తెరిచింది. కమాను కుంగి, విచ్చిన అంచు సీటు మీదకి దిగింది.

తమ్ముడు వెళ్ళి సీటు మీద తల ఆనే చోటు నుంచి ఆ అంచుకి చెయ్యి చాపి కొలవబోయాడు. చెయ్యి చాపక్కర్లేకపోయింది. నాలుగు వేళ్ళు కూడా పట్టలేదు.

"తప్పు నాది," అంది సుద్దక్క అందరికీ వినపడేలా. "కొన రెండోసారి చూసుకోవాలి. చూసుకోలేదు."

"అబద్ధం చెప్పకే!" వెనక నుంచి మామయ్య. మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు కారుతోంది, చొక్కా అంతా మట్టి. తడుముకుంటూ వచ్చి, విచ్చిన చోట వేలు పెట్టి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకి తడిమాడు. "ఈ గీత నేను గీశానయ్యా. కన్ను కనపడక గీశా, కనపడట్లేదని చెప్పకుండా గీశా. దీనికి ముందు ఒక కన్ను 'ఆరిందిలే' అని పోగొట్టుకున్నా. ఇప్పుడు 'కనపడిందిలే' అని మేనల్లుణ్ణి పోగొట్టుకునేవాణ్ణి." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నం ఆరుగురు జీపులవాళ్ళు వెళ్ళిపోయారు. ఒకరిద్దరు కంపెనీ పంజరమే దిక్కని అప్పుకి తిరగడం మొదలుపెట్టారు. ప్రెసిడెంటు మాత్రం బోర్లాపడ్డ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మిగతా వంపులు నిలబడ్డాయి కదా. ఇంకో కమాను వంచు. మళ్ళీ దొర్లిద్దాం," అన్నాడు. అని, అలవాటు ప్రకారం ఫోను చెవికి పెట్టుకున్నాడు.

మర్నాడు మామయ్య షెడ్డుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు సుద్దక్కే ఇంటికి వెళ్ళి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆయన చేతిలో కొత్త గొట్టం కొన పెట్టింది.

"గట్టు ఎక్కడుందో చెప్పు."

"కనపడదంటే వినవేం?"

"కంటితో ఎవరు చూడమన్నారు?"

మామయ్య ఇటు తిరిగాడు. చూపుడువేలు లోపలికి వెళ్ళింది. తిరిగింది. ఆగింది. "ఇదిగో."

ఆమె టార్చి వేసి చూసింది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. టార్చి వెలుగులో తను చూసేదానికన్నా ఆ వేలు త్వరగా కనిపెట్టింది. ఆ చోటనే అంచు మీద ఆకురాయితో చిన్న గంటు పెట్టించింది. గుడ్డతో తుడిస్తే సుద్ద గీత పోతుంది, గంటు పోదు. మామయ్య గంటు పెట్టాలి, సుద్దక్క గీత గీయాలి, ఇద్దరివీ కలిస్తేనే జాకీ కదలాలి. షెడ్డులో కొత్త కట్టుబాటు అది. కలవని రోజు ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఇంతవరకు ప్రతిసారీ గెలిచింది వేలే.

పన్నెండో రోజు మళ్ళీ క్వారీ. ఈసారి పన్నెండు మందే వచ్చారు. సీట్లో మనిషి లేడు. తమ్ముడి బరువుకి సరిపడా ఇసుక బస్తా బెల్టుతో కట్టారు. ఆ ఇసుకని మామయ్య రెండు రోజులు ఎండలో ఆరబోసి, గంటకోసారి పిడికిట పట్టి చూసి మరీ నింపాడు. దీన్నెవరు కాలుస్తారు మామా, ఎందుకింత శ్రమ అని తమ్ముడు నవ్వితే, నోర్మూసుకోమన్నాడు.

తాడు బిగిసింది. జీపు అంచు మీద ఊగింది. సుద్దక్క కళ్ళు మూసుకుంది, పక్కనున్న మామయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒకటే మోత, తర్వాత రాళ్ళు దొర్లిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది?" అన్నాడు మామయ్య. "ఎవరూ మాట్లాడరేంట్రా? ఏమైందో చెప్పండి!"

సుద్దక్క కళ్ళు తెరిచింది. ఆయన చెయ్యి పట్టుకుని గట్టు దింపింది, రాళ్ళ మీద అడుగులో అడుగు వేయించి బోర్లాపడ్డ జీపు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ చేతిని పెద్ద కమాను ఎడమ వంపు మీద పెట్టింది. వేళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి.

"రంగు ఒక్కటే గీరుకుపోయిందే," అన్నాడు మామయ్య. "ఇంటికెళ్ళాక వెయ్యాలి."